ఎర్ర బండి, నీలి బండి, ఒక రాహుకాలం

స్కాట్లాండ్ వెళ్లొచ్చానని చెప్పగానే మనవాళ్లు అడిగే ప్రశ్నలు రెండే. కోటలు చూశావా, సరస్సులో రాక్షసి కనిపించిందా అని. నేను కోట చూడలేదు. సరస్సు పక్కనుంచే పోయాను గానీ కారు ఆపలేదు. ఐదు రోజుల ప్రయాణంలో నేను తీరిగ్గా చూసింది ఒక గొర్రెల రైతు షెడ్డును, అందులో ఉన్న రెండు స్నోమొబైళ్లను. వాటిలో ఏది కొనాలో తేల్చుకోవడానికే మా బావా నేనూ అంత దూరం వెళ్లాం.

స్నోమొబైల్ అంటే తెలియనివాళ్లు సిగ్గుపడనక్కర్లేదు, మొన్నటిదాకా నాకూ తెలియదు. మోటారు సైకిల్‌కు ముందు చక్రం తీసేసి స్కీలనే జారుడు పలకలు రెండు, వెనక చక్రం తీసేసి పొడవాటి రబ్బరు పట్టా తగిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మంచు మీద నడుస్తుంది. వాటిలోనూ రకాలున్నాయి. చదునైన దారుల్లో వరసగా పోయేవి వేరు. నడుము లోతు పిండి మంచులో, కొండవాలున, చెట్ల సందుల్లోంచి పోయేవి వేరు. మా బావకు కావలసింది ఈ రెండో రకం.

కార్డిఫ్ నుంచి స్విండన్

నేను కార్డిఫ్‌లో ఒక ఆస్పత్రి ఆఫీసులో నర్సుల రోటాలు, అంటే డ్యూటీ పట్టికలు, వేస్తాను. నలభై మంది సెలవులు సర్దేవాణ్ణి, నా సొంత సెలవు ఐదు రోజులు సర్దుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. బుధవారం పొద్దున్నే స్విండన్ చేరాను. అక్కడ మా లలితక్క, రాజేందర్ బావ ఇరవై ఏళ్లుగా ఉంటున్నారు. బావ ఇంజినీరు. మధ్యలో మూడేళ్లు కంపెనీ ఆయన్ను స్వీడన్ ఉత్తరాన ఉన్న ఫ్యాక్టరీకి పంపింది. జగిత్యాల ఎండల్లో పెరిగిన మనిషికి అక్కడ మంచు పిచ్చి పట్టింది. తోటి ఉద్యోగి ఒకాయన అడవిలో బండి నడపడం నేర్పాడు. తిరిగొచ్చాక పదేళ్లుగా ప్రతి దీపావళికీ ‘వచ్చే చలికాలం పోత’ అంటూనే ఉన్నాడు. ఇంటి లోను, అక్క ఆపరేషను, ఆఫీసు పని, ఏదో ఒకటి అడ్డం వచ్చేది.

ఈ ఏడాది అడ్డం వచ్చింది వేరు. వసంతంలో కుడి చేతి పట్టు తగ్గిందని జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు, దగ్గరికి వెళ్తే, ఆయన ఇంకొకరి దగ్గరికి, వాళ్లు మరొకరి దగ్గరికి పంపారు. చివరికి తేలింది నరాల జబ్బు. ఒంట్లో కండరాలు ఒక్కొక్కటే మాట వినడం మానేస్తాయట. మందు లేదు. ఈ చలికాలం బండి నడపొచ్చా అని బావ అడిగితే, నడపండి, వచ్చే చలికాలం గురించి మాత్రం అడగకండి అందట డాక్టరమ్మ.

స్వీడన్ స్నేహితుడు జనవరిలో తన క్యాబిన్‌కు రమ్మన్నాడు. బండి మాత్రం సొంతంగా ఉండాలి. అద్దెకిచ్చేవాళ్లు గైడు వెనక వరసలో పొమ్మంటారు తప్ప చెట్లలోకి వెళ్లనివ్వరు. ఇయన్ అనే స్కాటిష్ రైతు ఒకాయన తన పాత బండ్లు రెండు అమ్ముతున్నాడు. జనవరిలో తన లారీ ఎలాగూ స్వీడన్ పోతుంది కాబట్టి, మనం కొన్నదీ అందులోనే వేసుకుపోతాడు.

బావ లోపల కొబ్బరికాయ కోసం వెతుకుతున్నప్పుడు అక్క నన్ను గేటు దాకా లాక్కొచ్చింది.

“కొననియ్యకు శ్రీను. నీ కాళ్లు మొక్కుత.”

“నేనెట్ల ఆపుత అక్కా? ఆయన నా మాట ఇంటడా?”

“ఏమన్న జెయ్యి. అక్కడ చెట్ల మొదళ్లల్ల గుంటలు ఉంటయంట. కొమ్మల కింద మంచు గట్టిగుండదంట. తలకిందులుగ పడితే లేవనీకె రాదంట. ఆ చేతులతోని ఎట్ల లేస్తడురా? ఉన్నన్ని దినాలన్న నా కండ్ల ముందట ఉండనీ.”

సరే అక్కా అన్నాను. ఆయనకు ఒక్క చలికాలం కావాలి, ఈమెకు దొరికినన్ని రోజులు కావాలి. మధ్యలో నేను కారు తాళాలు పట్టుకుని నిలబడ్డాను.

నాటింగ్‌హామ్‌లో పెరుగన్నం

మధ్యాహ్నం భోజనం విమలాంటీ ఇంట్లో. ఆవిడ ఒకప్పుడు స్విండన్‌లో బావవాళ్ల పక్కింటావిడ, హైదరాబాద్ మనిషి. దారిలో ఉన్నా లేకపోయినా నాటింగ్‌హామ్ మీదుగా పోయి తినకపోతే ఊరుకోదు. జబ్బు సంగతి ఆవిడకు చెప్పొద్దని బావ కారులోనే ఒట్టు పెట్టించుకున్నాడు. జాలి చూపులు చూస్తే తిన్నది అరగదట.

పచ్చిపులుసు, కోడికూర, చల్ల మిరపకాయలు. బయట ఇలాంటి భోజనం కావాలంటే మనిషికి ఇరవై పౌండ్లు పెట్టాలి, పెట్టినా పచ్చిపులుసు దొరకదు. బావ అన్నం కలిపాడు గానీ ముద్ద కట్టలేకపోయాడు. వేళ్లు దగ్గరికి రావడం లేదు. మెతుకులన్నీ సందుల్లోంచి కంచంలోకే జారుతున్నాయి. మెల్లగా చెంచా అడిగాడు.

“వామ్మో, రాజేందర్ దొర అయిపోయిండు! చెంచా లేకుంటే తినడంట!” అని ఆంటీ గలగలా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఎలా?

ఆంటీ కూతురు అనన్య ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. “లీవ్ హిమ్, మమ్” అని బావ చేతిని ఒక్క క్షణం చూసి, లోపలికి వెళ్లి రెండు చెంచాలు తెచ్చి పెట్టింది. ఒకటి పొడవాటిది, ఒకటి పొట్టిది. ఏది వీలైతే దానితో తింటాడని కాబోలు. ఆ పిల్లకు తెలిసిపోయిందని నాకు అర్థమైంది.

బావకు మాత్రం ఆ రెండు చెంచాలు చూడగానే ప్రాణం లేచొచ్చింది. కంచంలో పెరుగన్నం పరిచి, చల్ల మిరపకాయలను నిలువుగా గుచ్చాడు. అవి చెట్లు.

“సూడు శ్రీను. ఇది ఎర్రది.” పొడుగు చెంచాను పెరుగన్నం మీద వెల్లకిలా పెట్టాడు. “పట్టా పొడుగు. నూట అరవై అయిదు అంగుళాలు. పట్టా మీద రబ్బరు పండ్లు, దువ్వెనకున్నట్టు, మూడు అంగుళాల ఎత్తు. ఎంత లోతు మంచుల ఏసినా మునగది. తేల్తది. కని చెట్ల నడుమ తిప్పాల్నంటే తిరగది, ఎడ్లబండి లెక్క.”

తర్వాత పొట్టి చెంచా. “ఇది నీలిది. పట్టా పదకొండు అంగుళాలు తక్కువ. జర మునుగుతది. కని సూడు…” అని దాన్ని మిరపకాయల మధ్య అటూ ఇటూ తిప్పాడు. “ఇట్లంటే ఇట్ల, అట్లంటే అట్ల.”

“మరి ఏది కొంటవ్?”

“గదే గద బాధ. మంచు లోతుగుంటే ఎర్రది, చెట్లు దగ్గరగుంటే నీలిది. నాకు రెండూ గావాలె.”

పెళ్లిచూపుల్లో అక్కాచెల్లెళ్లిద్దరూ నచ్చిన పిల్లాడిలా ఉన్నాడు. ఆంటీ, అనన్య, నేను ముగ్గురం నవ్వాం. ఈసారి నవ్వు నిజమైనదే. అంతలోనే పొట్టి చెంచా ఆయన వేళ్లలోంచి జారి కింద పడింది. తీసి ఇవ్వడానికి నేను వంగాను. బల్ల కింద నాలుగు క్షణాలు ఎక్కువే ఉన్నాను, కళ్లు తుడుచుకోవడానికి.

సరిహద్దు దగ్గర పలహారం

మొదటి బస ఇంగ్లాండు, స్కాట్లాండు సరిహద్దు దగ్గర ఒక ముసలావిడ నడిపే ఇంట్లో. గది, పొద్దుటి పలహారం కలిపి ఇద్దరికీ తొంభై పౌండ్లు. ఆవిడ పేరు జీన్. గంజి లాంటి ఓట్స్ జావ పెట్టి పక్కన ఉప్పు పెట్టింది. పంచదార వేసుకునేవాళ్లు ఇంగ్లీషువాళ్లట, ఆ మాట అంటున్నప్పుడు మొహం చిట్లించింది. మేం ఉప్పే వేసుకున్నాం. మాకు జావలో ఉప్పు కొత్త కాదంటే చాలా సంతోషించింది.

తర్వాత ఒక పళ్లెంలో నల్లటి బిళ్లలు తెచ్చి, ఇది రక్తంతో చేస్తారు, మీకు నచ్చకపోవచ్చు అని దూరంగా పెట్టింది. బావ పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు.

“అరె, నల్లరా ఇది! మా అమ్మ ఉల్లిగడ్డ ఏసి చేస్తుండె.”

నేను జీన్‌కు వివరించాను. మా ఊళ్లో మేకను కోస్తే రక్తాన్నీ వదలం, పేగుల్నీ వదలం అని. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు కలిపి వాళ్లు చేసే వంటకం కూడా తెచ్చిపెట్టింది ఆ ఊపులో. అది మన బోటి కూరకు దూరపు చుట్టం, కారం ఒక్కటే తక్కువ. పదేళ్లుగా అతిథులకు పెడుతున్నా ఇష్టంగా తిన్నవాళ్లు మీరేనంది. వెళ్లేటప్పుడు బావ కోటు జిప్పు పట్టుకోలేక తంటాలు పడుతుంటే, ఏమీ అడక్కుండా వచ్చి గడ్డం దాకా లాగిపెట్టి, చలిగా ఉంది నాయనా అంది.

బ్రేకు కింద కొబ్బరికాయ

గురువారం ఉత్తరానికి పోతున్నకొద్దీ కొండలు పెరిగాయి, చెట్లు తగ్గాయి. కొండ నెత్తిన అప్పటికే మంచు పడింది. బావ కిటికీకి అతుక్కుపోయాడు. ఇక్కడి మంచు తడి మంచట, లెక్కలోకి రాదట. స్వీడన్ మంచును పిడికిట పట్టి ఊదితే గోధుమపిండిలా ఎగిరిపోతుందట. దాని మీద బండి పోతుంటే చప్పుడు కూడా మెత్తగా ఉంటుందట.

“చెట్లల్ల పోయేటప్పుడు చెట్టును సూడొద్దు శ్రీను. చెట్టును సూస్తే చెట్టుకే కొడ్తవ్. సందును సూడాలె.”

ఆ మాట అంటుండగానే ఒక దిగుడు మలుపులో నేను బ్రేకు నొక్కితే బ్రేకు పడలేదు. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, ఎలాగో గడ్డిలోకి ఎక్కించి ఆపాను. చూస్తే బ్రేకు కింద ఇరుక్కున్నది కొబ్బరికాయ. కొన్న బండికి పూజ చేయాలని బావ స్విండన్ నుంచి తెచ్చిన సంచి సీటు కింద తిరగబడింది. నాలుగు నిమ్మకాయలు, కుంకుమ పొట్లం నా కాళ్ల దగ్గర దొర్లుతున్నాయి. కొండలో చెట్టు కింద గుంటలో పడతాడని అక్క భయపడుతుంటే, మేం కొబ్బరికాయ వల్ల పోయేవాళ్లం. ఆగకుండా నవ్వాం ఇద్దరం. ఒక గొర్రె మమ్మల్నే చూస్తూ నిలబడింది.

ఎర్రది, నీలిది

శుక్రవారం పదింటికి ఇయన్ పొలానికి చేరాం. ఎర్ర ముఖం, తక్కువ మాటల మనిషి. ఆయన భార్య మోరాగ్ వంటింటి కిటికీలోంచే చెయ్యూపి, టీతో పాటు ఒక పళ్లెంలో తీపి బిళ్లలు పంపింది. నోట్లో పెట్టుకుంటే అచ్చం మన పాలకోవా. ఇక్కడ దాన్ని టాబ్లెట్ అంటారట.

షెడ్డులో గడ్డి మోపుల పక్కన రెండు బండ్లూ ఉన్నాయి. బావ గడప దగ్గరే ఆగిపోయాడు. నేను ఆయన్ను అలా ఇంకొక్కసారే చూశాను, అక్క పెళ్లిలో తెర తీసినప్పుడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

ముందు ఎర్రదాని మీద నిలబడ్డాడు. ఈ బండ్ల మీద కూర్చోవడం తక్కువ, నిలబడి ఒంటి బరువుతో వంచడం ఎక్కువ. నడుముతో అటూ ఇటూ ఊగాడు. పట్టా మీద అరచేత్తో తడిమాడు. తర్వాత నీలిది ఎక్కాడు. వేగం పెంచే మీట కుడి బొటనవేలి కింద ఉంటుంది. అది నొక్కి చూసుకున్నాడు. బొటనవేలు బాగానే పనిచేస్తోంది. నా వైపు చూసి, చిన్నపిల్లాడిలా ఆ వేలు పైకెత్తి చూపించాడు.

తర్వాత, ఏదో మామూలు సంగతి అడిగినట్టు, ఇంజన్ ఎలా స్టార్ట్ చేస్తారని ఇయన్‌ను అడిగాడు. ఎర్రదానికి తాడు లాగాలి. నీలిదానికి తాడుతో పాటు బటన్ కూడా ఉంది, అందుకే అది కాస్త బరువు ఎక్కువ అన్నాడు ఇయన్. బావ బటన్ నొక్కాడు. బండి గుర్రున లేచింది. షెడ్డులో మంచు లేదు కాబట్టి ఎక్కువసేపు నడపకూడదట, వేడెక్కిపోతుందట. బావ ఆపేసి కిందికి దిగాడు.

రెండు రోజులుగా పట్టా పొడవులు, పండ్ల ఎత్తులు చెప్పి నా బుర్ర తిన్న మనిషి ఇప్పుడు వాటి ఊసే ఎత్తలేదు.

“నీలిదే శ్రీను. ఖాయం.”

రాహుకాలం

టైము పదకొండుకు ఇరవై తక్కువ. శుక్రవారం. పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. నా జన్మలో రాహుకాలం చూసి ఏ పనీ మానలేదు. కార్డిఫ్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నది రాహుకాలంలోనే. కానీ ఆ క్షణంలో అక్క ముఖం గుర్తొచ్చింది, నోటికి ఆ మాటే వచ్చింది.

“బావా, రాహుకాలం నడుస్తుంది. ఇప్పుడు మాటియ్యకు. అక్కకు తెలిస్తే బాధపడ్తది.”

బావ నన్ను తేరిపార చూశాడు. “నువ్వెప్పటి సంది సూస్తున్నవ్ రా ఇవన్నీ?” అని నవ్వాడు. వాళ్ల ఇంట్లో ఏ బండి కొన్నా అక్క పంచాంగం చూడందే తాళం ముట్టుకోదు. “సరే తియ్. పదేండ్లు ఆగిన, గంటన్నర ఆగలేనా? ఊళ్లె చాయ్ తాగొద్దాం. ఇయన్‌కు జెప్పు, బండి మనదే అని, పన్నెండింటికి వచ్చి పైసలిస్తమని.”

ఆ మాట చెప్పమని తను కారు వైపు నడిచాడు. నేను ఇయన్ దగ్గరికి వెళ్లాను. ఆయన గొర్రెల మేత బకెట్ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“మేమింకా తేల్చుకోలేదు. చూద్దాం” అన్నాను.

అంతే అన్నాను. ఆయన తలూపి, ఎవరి ఇష్టం వాళ్లది అన్నట్టు బకెట్‌తో వెళ్లిపోయాడు. పన్నెండేళ్లుగా ఈ దేశంలో ఉంటున్నాను. బయానా ఇవ్వకుండా, చెయ్యి కలపకుండా, చూద్దామని వెళ్లిపోయినవాళ్లు మళ్లీ రారని వీళ్లు అనుకుంటారని నాకు బాగా తెలుసు. ఇంకెవరో కొనుక్కుపోతే నా చేతికి మట్టి అంటకుండా అక్క మాట నిలబడుతుందనుకున్నాను. ఇది పొరపాటున జరిగింది కాదు. తెలిసే చేశాను.

ఊళ్లో ఒక చిన్న కేఫ్. బావ రెండు కప్పుల టీ తాగాడు, కప్పును రెండు చేతులతో పట్టుకుని. బండి ఫోటోలు స్వీడన్ స్నేహితుడికి పంపించాడు. గోడ గడియారం చూసుకుంటూ, పావుగంటకోసారి, రాహువు ఇంకా ఎంత దూరం పోయిండు అని నన్ను ఆటపట్టించాడు. నేను కప్పులో చెంచా తిప్పుతూ కూర్చున్నాను.

తాడు

పన్నెండు దాటి ఐదు నిమిషాలకు తిరిగొచ్చేసరికి వాకిట్లో కారు వెనక తగిలించిన ట్రెయిలర్ ఒకటి ఉంది. దాని మీద నీలి బండి కట్టేసి ఉంది. ఇన్వర్నెస్ నుంచి వచ్చిన ఒకావిడ పట్టీలు బిగిస్తోంది. యాభై ఏళ్లుంటాయి. మేం పోయిన అరగంటకు వచ్చిందట, చూసిందట, డబ్బు ఇచ్చేసిందట.

బావ కారులోంచి దిగి అక్కడే నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. ఇయన్‌ను నిలదీస్తాడనుకున్నాను. ఆ క్షణంలో నిజం బయటపడితే బాగుండుననీ అనిపించింది. ఆయన మెల్లగా ఆవిడ దగ్గరికి వెళ్లి, మంచి బండి కొన్నారు, పట్టా కొంచెం వదులుగా ఉంది, నడిపే ముందు బిగించుకోండి అని చెప్పాడు. ఆవిడ థాంక్స్ చెప్పింది. బావ కారు దాకా తిరిగొచ్చి నిమ్మకాయలు తీసుకున్నాడు.

“కొత్త బండి ఉత్తగ పోవద్దు శ్రీను. రా, పెట్టు. నాకు ఒంగనీకె రాదు.”

నేను ట్రెయిలర్ చక్రాల ముందు చెరో నిమ్మకాయ పెట్టాను. మా ఆచారమని బావ చెబితే ఆవిడ చాలా ముచ్చటపడి, కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తూ మరీ వాటి మీదుగా పోనిచ్చింది. బండి మలుపు తిరిగేదాకా బావ చెయ్యూపాడు.

తర్వాత షెడ్డులోకి వెళ్లి ఎర్రదాని తాడు పట్టుకున్నాడు. నేను బయటే ఆగాను. ఇయన్ నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు. ఒక్క మాట చెప్పి వెళ్లి ఉంటే వారం రోజులైనా ఉంచేవాణ్ణి కదయ్యా, మీరేమో చూద్దామన్నారు.

బావ తాడు లాగాడు. జానెడు వచ్చి, పిడి ఆయన వేళ్లలోంచి జారిపోయి, టప్పున వెనక్కి వెళ్లి కొట్టుకుంది. మళ్లీ లాగాడు. మళ్లీ జారింది. మూడోసారి రెండు చేతులతో పట్టుకుని, కాలు తన్నిపెట్టి లాగాడు. ఇంజన్ ఒక్కసారి దగ్గి ఊరుకుంది. ఇయన్ తల పక్కకు తిప్పుకుని గడ్డి మోపులు సర్దడం మొదలుపెట్టాడు.

“శ్రీను, నువ్వు గుంజు.”

నేను లాగాను. రెండో లాగుకే మోగింది. బావ ఎర్ర బండి మీద నిలబడ్డాడు. రెండు చేతులూ హ్యాండిల్ మీద ఆనించి, మోకాళ్లు కొంచెం వంచి, ఎదురుగా ఉన్న షెడ్డు గోడలోకి చూస్తూ ఉన్నాడు. అక్కడ ఏ సందు కనిపించిందో మరి. ఒకటి, రెండు నిమిషాలు. ఇంజన్ వేడెక్కుతుంది, ఆపమని ఇయన్ అనలేక అనలేక అన్నాడు. బావ ఆపేశాడు.

“నేను వస్త బావా. స్వీడన్‌కు. సెలవు పెడ్త. ఎన్నిసార్లంటే అన్నిసార్లు నేనే గుంజుత.”

“చెట్ల నడుమ ఆగిపోతే నువ్వేడుంటవ్ రా? నీకు నడపరాదు.” ఆయన దిగి, నా భుజం పట్టుకుని నిలదొక్కుకున్నాడు. “పోదాం పా. మీ అక్కకు ఫోన్‌ల చెప్పకు. నేను జెప్పుకుంట.”

మోరాగ్ టాబ్లెట్ బిళ్లలు ఒక డబ్బా నిండా కట్టి ఇచ్చింది. కొబ్బరికాయ ఆవిడకు ఇచ్చేశాం.

తిరుగు దారి

వచ్చేటప్పుడు చూసిన కొండలే తిరిగి చూడాలంటే ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. బావ కిటికీ వైపు చూడలేదు. శనివారం మధ్యాహ్నం, సరిహద్దు దాటాక, రోడ్డు పక్క ఒక ఖాళీ జాగాలో కారు ఆపేశాను. నా వల్ల కాలేదు.

“బావా, నువ్వు ఇయన్‌తోని చెప్పమన్న మాట నేను చెప్పలే.”

ఆయన నా వైపు తిరిగాడు.

“తేల్చుకోలేదు, చూద్దామని చెప్పిన. రాహుకాలం గూడ ఉత్త సాకే. అక్క కొననియ్యకన్నది. అక్క ఏడ్చింది బావా. అందుకని…”

తర్వాత ఏం చెప్పానో నాకే తెలియదు. ఏడుస్తున్నాను. వానచుక్కలు అద్దం మీద పడుతుంటే వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. బావ తన కుడి చెయ్యి ఒళ్లోంచి ఎత్తి, కొత్తగా చూసినట్టు చూసుకున్నాడు.

“బటన్‌కు ఒక్క వేలు సరిపోతుండె శ్రీను. ఈ చలికాలానికి నాకా ఒక్క వేలు ఉండె.”

తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. కొంచెం దూరం పోయాక టీ తాగుదామన్నాడు. పంచదార పొట్లం నేను చింపి ఇచ్చాను.

స్విండన్

ఆదివారం మధ్యాహ్నం చేరాం. తలుపు తీస్తూనే అక్క అడిగిన మొదటి మాట, “ఏ రంగుది తీసుకున్నరు? ఎర్రదా, నీలిదా?”

నాకేమీ అర్థం కాలేదు. లోపల మెట్ల కమ్మీ మీద రెండు కొత్త కోట్లు వేలాడుతున్నాయి. లావుపాటివి, మంచులోకి వేసుకునేవి. ఒకటి బావ కొలతది. రెండోది చిన్నది. బావ దాన్ని పట్టి చూశాడు.

“ఇదెవరికే?”

“నాకే. శ్రీనుతోని ఆపమని చెప్పిన. వీడితోని ఏమైతది, మీరు ఆగుతరా? మీరు పోయిన కాడికెల్లి ఆలోచన జేసిన. ఆగకుంటే నేనే ఎంబడి వస్త అనుకున్న. క్యాబిన్‌ల వండిపెడ్త. మీ దోస్తు నాకు గూడ నడుపుడు నేర్పుతడంట, నిన్న ఫోన్ జేసి అడిగిన. ఆ తాడు గుంజుడో ఏందో, అది నేను గుంజుత. మీరు నడుపుండ్రి.” మూడు రోజులుగా దాచుకున్న మాట కాబట్టి ఆపకుండా చెప్పేసింది. ముఖం వెలిగిపోతోంది. “ఫోన్‌ల చెప్తే ఏం మజా అని చెప్పలే. ఏది కొన్నరు చెప్పరేంది?”

నేను నోరు తెరిచాను. బావ నా మోచెయ్యి మీద తన చెయ్యి వేశాడు. ఆ చేతికి పట్టు లేదు, బరువు మాత్రమే ఉంది.

“దొరకలే లలితా. మనకన్న ముందుగల్ల ఒకామె కొనుక్కపోయింది.”

“అయ్యో! రెండూనా? ఇంకోటి ఉండె గద?”

“అది మంచిగ లేదు. చెట్ల నడుమ ఆగిపోతే తాడు గుంజనీకె అక్కడ ఎవ్వరుండరు.”

అక్క నా వైపు తిరిగింది. “నువ్వేం జేస్తున్నవురా అక్కడ? జర ముందుగాల తీస్కపోవద్దా? నీకు ఏ పని జెప్పినా గంతే.”

అవునక్కా అన్నాను. బావ మెల్లగా వెళ్లి సోఫాలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. అక్క చిన్న కోటును కమ్మీ మీంచి తీసి, మడతపెట్టి, షాపు సంచిలో పెట్టింది. తర్వాత వాపసు ఇవ్వడానికి రసీదు కోసం డ్రాయర్లన్నీ వెతకడం మొదలుపెట్టింది. నేనూ పక్కన నిలబడి వెతికాను.